పగటి నుంచి రాత్రికి టైమ్‌ల్యాప్స్: తిరుపతి సాయంత్రాలకు ఏ ఎక్స్‌పోజర్ పద్ధతి నప్పుతుంది?

పగలు మొదలుపెట్టి రాత్రి దాకా ఆపకుండా తీసిన టైమ్‌ల్యాప్స్‌లో (కొన్ని సెకన్లకో ఫొటో తీసి వీడియోగా కలిపేదాంట్లో) కష్టమంతా మధ్యలో ఉంటుంది. ఎండ ఉన్న భాగం దానంతటదే బాగుంటుంది. చీకటి పడ్డాక దీపాల భాగమూ బాగుంటుంది. ఆ రెండింటినీ కలిపే అసురసంధ్య వేళలోనే వెలుతురు ఫ్రేము ఫ్రేముకీ ఎగిరిపడి చూసేవాళ్ల కళ్లను ఇబ్బంది పెడుతుంది. దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడానికి ఇప్పుడు ఐదారు దారులున్నాయి. ఏది కొనాలి, ఏది ఉచితంగా సరిపోతుంది, ఏది మీ పనికి అసలు పనికిరాదు అన్నది మీరు ఎలా తీశారన్న దాని మీద ఆధారపడుతుంది. తిరుపతిలో తీసేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అది మన దగ్గర వెలుతురు పడిపోయే వేగం. ముందు దాని సంగతి చెప్పి తర్వాత సాఫ్ట్‌వేర్‌ల దగ్గరికి వస్తాను.

మన దగ్గర చీకటి తొందరగా పడుతుంది

తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా 13.6 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిలువుగా దిగిపోతాడు. అస్తమయం నుంచి సూర్యుడు క్షితిజం కిందికి 6 డిగ్రీలు దిగేదాకా ఉండే మసక వెలుతురు మనకు 21 నుంచి 24 నిమిషాలే ఉంటుంది. దక్షిణ జర్మనీలో అదే వెలుతురు మార్చిలో అరగంట, జూన్‌లో 40 నిమిషాల దాకా ఉంటుంది.

దీన్ని ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు) లెక్కలోకి మార్చి చూడండి. ఆకాశం తేటగా ఉన్నప్పుడు అస్తమయం వేళ నేల మీద పడే వెలుతురు సుమారు 400 లక్స్ (వెలుతురు కొలత). సూర్యుడు ఆ 6 డిగ్రీలు దిగేసరికి అది 3, 4 లక్స్‌కి వస్తుంది. అంటే వంద రెట్లకు పైగా తగ్గుదల, దాదాపు 7 స్టాపులు (వెలుతురు సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు). మన ఊళ్లో ఆ ఏడు స్టాపులూ ఇరవై రెండు నిమిషాల్లో పడిపోతాయి కాబట్టి ఉజ్జాయింపుగా మూడు నిమిషాలకో స్టాప్. యూరప్ వాళ్లు చేసిన ట్యుటోరియల్ చూసి "ఐదు నిమిషాలకోసారి షట్టర్ మార్చితే చాలు" అని నమ్మితే మనకు ఒక్కో మార్పు మధ్యలో స్టాపున్నరకు పైగా తేడా వచ్చేస్తుంది. ఎడిటింగ్‌లో కష్టం అక్కడే మొదలవుతుంది.

10 సెకన్లకో ఫ్రేము తీస్తున్నారనుకోండి. మూడు నిమిషాలంటే 18 ఫ్రేములు. మూడో వంతు స్టాప్ చొప్పున మార్చాలంటే ప్రతి 6 ఫ్రేములకీ, అంటే నిమిషానికోసారి మార్చాలి. చేత్తో డయల్ తిప్పితే ట్రైపాడ్ ఎంత గట్టిదైనా ఫ్రేము కాస్త కదులుతుంది. అందుకే ఇక్కడ ఫోన్ యాప్ నుంచో కేబుల్ ద్వారానో ఎక్స్‌పోజర్ మార్చడమే మేలు. లేకపోతే అపర్చర్ ప్రయారిటీలో (లెన్సు రంధ్రం సైజు మాత్రమే మనం పెట్టే మోడ్‌లో) పెట్టి షట్టర్ సంగతి కెమెరాకే వదిలేయాలి. ఈ రెండింటిలో మీరు ఏది చేశారన్నదే ఎడిటింగ్ పద్ధతిని సగం తేల్చేస్తుంది.

ఊళ్లోంచి తీసేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి శేషాచలం వైపు కెమెరా తిప్పితే సూర్యుడు మామూలుగా ఫ్రేములోకి రాడు, వెలుతురు పక్క నుంచి పడుతుంది. ఆకాశం సమంగా తగ్గుతుంది. జూన్‌లో మాత్రం సూర్యుడు వాయవ్యం వైపు జరిగి దిగుతాడు కాబట్టి వెడల్పు లెన్సులో ఎడమ అంచు మెరుస్తుంది. డిసెంబరులో నైరుతికి వెళ్లిపోతాడు, అప్పుడు కొండ ముఖం మీద చివరి ఎండ చక్కగా పడుతుంది.

మెట్టు వేరు, మినుకు వేరు

పద్ధతి ఎంచుకునే ముందు మీ వీడియోలో ఉన్న తేడా ఏ రకమో చూసుకోండి.

మొదటిది మెట్టు. షట్టరో ఐఎస్ఓనో (సెన్సర్ సున్నితత్వం) మార్చిన చోట వెలుతురు ఒక్కసారిగా పైకి లేస్తుంది. తర్వాత బయటి వెలుతురు తగ్గుతూ మెల్లగా కిందికి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. గ్రాఫ్ గీస్తే రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఎక్కడ ఎంత మార్చారో ఫైల్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి మెట్టును లెక్క ప్రకారం పూర్తిగా తీసేయొచ్చు.

రెండోది మినుకు (ఫ్లికర్). ప్రతి ఫ్రేముకీ కొంచెం కొంచెం తేడా ఉంటుంది. దీనికి చాలాసార్లు కారణం లెన్సు అపర్చర్. ఫొటో తీసిన ప్రతిసారీ లెన్సు లోపలి రేకులు మూసుకుని తెరుచుకుంటాయి, అన్నిసార్లూ సరిగ్గా ఒకే చోట ఆగవు. ఫైల్‌లో మాత్రం ప్రతిసారీ ఎఫ్/8 అనే రాసి ఉంటుంది. అందుకే ఫైల్ సమాచారాన్ని చదివి పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడా కనిపించదు. బొమ్మలోని వెలుతురును కొలిచే సాఫ్ట్‌వేరే దీన్ని పట్టుకోగలదు. లెన్సును పూర్తిగా తెరిచి తీస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

షట్టర్ వేగాల్లో కూడా చిన్న తిరకాసు ఉంది. 1/15 అని రాసినది నిజానికి 1/16, 1/60 అన్నది 1/64, 30 సెకన్లు అన్నది 32. మనం పలికే అంకెలు గుండ్రంగా చేసినవి. లెక్క ప్రకారం మెట్లు తీసేశాక కూడా అక్కడక్కడా సన్నని గీతలా తేడా మిగలడానికి ఇదీ ఒక కారణం. అందుకే మంచి పద్ధతి ఏదైనా రెండు దశల్లో సాగుతుంది. ముందు లెక్కతో మెట్లు తీయాలి, తర్వాత బొమ్మను కొలిచి మినుకు తీయాలి.

లైట్‌రూమ్ ఒక్కటే ఉంటే

మన స్టూడియోల్లో చాలామంది దగ్గర పెళ్లి ఫొటోల కోసం అడోబీ ఫొటో ఎడిటర్ లైట్‌రూమ్ క్లాసిక్ ఎలాగూ ఉంటుంది. దాంట్లో డెవలప్ విభాగంలో సెట్టింగ్స్ మెనూ కింద మ్యాచ్ టోటల్ ఎక్స్‌పోజర్స్ అని ఒక ఆదేశం ఉంది. ఎంచుకున్న ఫ్రేముల షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ చదివి, వాటన్నింటి మొత్తం ఎక్స్‌పోజర్‌నీ మీరు చూపించిన ఫ్రేముతో సమానం చేస్తుంది. మెట్లు మాయమవుతాయి.

కానీ అది చేసే పని ఏంటో అర్థం చేసుకోవాలి. మీరు మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎక్స్‌పోజర్‌తో తీసి ఉంటే ఎలా వచ్చేదో అలా తయారుచేస్తుంది. అంటే వెలుతురు తగ్గేకొద్దీ బొమ్మ నల్లబడిపోతుంది. ఎక్స్‌పోజర్ స్లైడర్ కూడా రెండు వైపులా 5 స్టాపుల దాకానే వెళ్తుంది. ఎండ నుంచి దీపాల దాకా పది, పన్నెండు స్టాపుల ప్రయాణం దీంట్లో పట్టదు. అస్తమయానికి అటూ ఇటూ రెండు మూడు స్టాపుల ముక్క మాత్రమే కావాలంటే ఇది చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు. రాత్రి దాకా వెళ్లాలంటే వదిలేయండి.

ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్

ఈ పనికి నేను మొదట చెప్పే పేరు ఇదే. జర్మనీకి చెందిన గుంతర్ వెగ్నర్ దీన్ని సరిగ్గా ఈ సమస్య కోసమే తయారుచేశారు. ఇది లైట్‌రూమ్‌కి తోడుగా పనిచేస్తుంది. మీరు కొన్ని ఫ్రేములను కీఫ్రేములుగా (విలువలు మీరే పెట్టే ఫ్రేములుగా) లైట్‌రూమ్‌లో సవరిస్తే, మధ్యలో ఉన్నవాటికి ఇది మెల్లమెల్లగా మారే విలువలు రాస్తుంది. ఫొటోని ముట్టుకోదు, సవరణల సమాచారాన్నే రాస్తుంది. కాబట్టి రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన సమాచారం కుదించకుండా ఉండే ఫైల్‌లో) ఉన్న నాణ్యత చివరిదాకా నిలుస్తుంది.

దీంట్లో మెట్లు తీసే పనిని హోలీ గ్రెయిల్ విజార్డ్ చేస్తుంది. అది లోపల ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 212వ ఫ్రేము దగ్గర మీరు షట్టర్‌ని 1/30 నుంచి 1/15కి మార్చారు. 211 కంటే 212 ఒక స్టాప్ వెలుగ్గా ఉంటుంది. విజార్డ్ 211కి ఎక్స్‌పోజర్ అర స్టాప్ పెంచుతుంది, 212కి అర స్టాప్ తగ్గిస్తుంది. రెండూ సమానమైపోతాయి. ఇక 212 నుంచి తర్వాతి మెట్టుకి ముందున్న 230 దాకా మైనస్ అర నుంచి ప్లస్ అర దాకా ఫ్రేముకి కొంచెం చొప్పున పెంచుకుంటూ వెళ్తుంది. ఈ మధ్యలో బయట వెలుతురు ఒక స్టాప్ తగ్గుతుంది కాబట్టి ఆ పెంపు దాన్ని పూడ్చేస్తుంది. 231 దగ్గర మళ్లీ మైనస్ అర. రంపపు పళ్లు పోయి ఒకే సాఫీ గీత వస్తుంది.

మెట్టు ఎంత చిన్నదైతే ఈ సవరణ అంత చిన్నదవుతుంది. మూడో వంతు స్టాప్ మెట్లయితే ఏ ఫ్రేమునీ ఆరో వంతు స్టాప్ కంటే ఎక్కువ లాగక్కర్లేదు. రెండు స్టాపుల మెట్లు పెట్టుకుంటే ప్రతి మెట్టు ముందూ నీడల్ని ఒక స్టాప్ లేపాలి. ఆ కొద్ది ఫ్రేముల్లో కొండ అడివిలో గరుకు ఎక్కి, మెట్టు దాటగానే శుభ్రమైపోతుంది. వెలుతురు సమంగానే ఉన్నా ఆ గరుకు వచ్చిపోవడం కంటికి తెలుస్తుంది.

మెట్ల తర్వాత మినుకు కోసం విజువల్ డీఫ్లికర్ ఉంది. ఇది సవరించిన ప్రివ్యూలను కొలిచి పనిచేస్తుంది కాబట్టి లెన్సు వల్ల వచ్చిన తేడాలు కూడా పట్టుకుంటుంది. దీన్ని అన్నింటికంటే చివర వాడాలి. కీఫ్రేములు, మెట్లు, మధ్య విలువలు, ఆ తర్వాతే ఇది.

ఉచిత వెర్షన్‌లో ఒక్కో సీక్వెన్స్‌కి 400 ఫ్రేముల పరిమితి ఉంది. కొందరు అది చూసి వెనక్కి తగ్గుతారు. మన సాయంత్రానికి లెక్క వేసి చూడండి. 10 సెకన్లకో ఫ్రేము చొప్పున 400 ఫ్రేములంటే గంటా ఆరు నిమిషాలు పైన. అస్తమయానికి పావుగంట ముందు మొదలుపెడితే ఆ తర్వాత యాభై నిమిషాల దాకా వస్తుంది, అప్పటికి ఊరంతా దీపాలు వెలిగి ఆకాశం ముదురు నీలం కూడా దాటిపోయి ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 16 సెకన్లు. నేర్చుకునేవాళ్లకి అంతకంటే ఎక్కువ అవసరం లేదు. పొట్టి సందె వెలుతురు మనకు మేలు చేసే చోటు ఇదొక్కటే.

అపర్చర్ ప్రయారిటీలో తీసినవాళ్లకి

ఇక్కడ షట్టర్‌ని కెమెరాయే చూసుకుంటుంది. మెట్లు చిన్నవిగా ఉంటాయి కానీ ఎన్నో ఉంటాయి, పైకీ కిందికీ కూడా పోతాయి. బస్సు హెడ్‌లైట్లు లెన్సు వైపు తిరిగితే ఆ ఫ్రేము చీకటిగా వస్తుంది, బస్సు వెళ్లిపోతే మళ్లీ పెరుగుతుంది. అలిపిరి వైపు రోడ్డు ఫ్రేములో ఉంటే ఇది ఆగదు. కొన్ని నికాన్ కెమెరాల్లో ఇంటర్వెల్ మెనూలోనే ఎక్స్‌పోజర్ స్మూతింగ్ అని ఉంటుంది, మీ దాంట్లో ఉంటే తప్పకుండా వేసుకోండి.

ఇలా తీసిన వాటికి డీఫ్లికరే ముఖ్యం. విజువల్ డీఫ్లికర్ స్మూతింగ్‌ను పెంచి, రెండు మూడు విడతలు నడపాలి. ఫలితం బాగానే వస్తుంది, అయితే కెమెరా చేసే ఒక పనిని మీరే వెనక్కి తిప్పాలి. కెమెరా మీటర్ ప్రతి ఫ్రేమునీ మధ్యస్థ వెలుతురుకి తెస్తుంది. చీకటి పడ్డా సరే, బొమ్మ సాయంత్రం ఐదింటిలాగే వెలుగ్గా ఉంటుంది. దీని గురించి కింద విడిగా చెబుతాను.

డార్క్‌టేబుల్

డబ్బు పెట్టలేని విద్యార్థులకి నేను సిఫార్సు చేసేది ఇది. పూర్తిగా ఉచితమైన ఫొటో ఎడిటర్. దీని ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌లో ఆటోమేటిక్ అనే పద్ధతి ఉంది, రా ఫైళ్ల మీదే పనిచేస్తుంది. హిస్టోగ్రామ్‌లో (బొమ్మలో వెలుగు నీడల గ్రాఫ్‌లో) ఏ శాతాన్ని ఏ వెలుతురు స్థాయికి తేవాలో చెబితే ప్రతి ఫ్రేమునీ అక్కడికి తెస్తుంది. మెట్టు, మినుకు అన్న తేడా చూడదు, రెండూ ఒకేసారి పోతాయి.

ఇబ్బంది ఏంటంటే పగలూ రాత్రీ ఒకే వెలుతురుకి వచ్చేస్తాయి. అందుకని దీన్ని రెండు అడుగుల్లో చేయాలి. డార్క్‌టేబుల్‌లో అన్నీ సమం చేసి, 16 బిట్ టిఫ్ ఫైళ్లుగా తీసి, వీడియో ఎడిటర్‌లో పెట్టాక కీఫ్రేములతో వెలుతురుని మెల్లగా దించాలి. పని ఎక్కువే. కానీ ఫలితంలో మీకు కావాల్సిన చీకటి మీ చేతిలో ఉంటుంది, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదనుకుంటాను.

వీడియో అయ్యాక సరిచేసే దారులు

డావిన్చి రిజాల్వ్ స్టూడియో అనే వీడియో ఎడిటర్‌లో డీఫ్లికర్ ఎఫెక్ట్ ఉంది, టైమ్‌ల్యాప్స్ కోసమే ఒక అమరిక కూడా ఇచ్చారు. ఉచిత రిజాల్వ్‌లో అది రాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో డీఫ్లికర్ ఫిల్టర్ ఉంది, అది ఉచితం, కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకి ఒక్క వరుసలో పని అయిపోతుంది.

ఇవి మినుకుకి మందులు, మెట్టుకి కావు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫిల్టర్ మామూలుగా 5 ఫ్రేముల సగటు తీస్తుంది. ఒక స్టాప్ మెట్టుని అది 5 ఫ్రేముల మీదికి పరుస్తుంది. 25 ఫ్రేముల వీడియోలో అది సెకనులో ఐదో వంతు. ఎగిరిపడడం కాస్త మెత్తబడుతుందే తప్ప పోదు. పైగా ఇవన్నీ తయారైన బొమ్మ మీద పనిచేస్తాయి. గోవిందరాజస్వామి గోపురం మీద దీపాలు తెల్లగా మాడిపోయి ఉంటే వెలుతురు తగ్గించినా ఆ చోటు బూడిద రంగులోకి మారుతుందే కానీ గోపురం బొమ్మలు తిరిగి రావు. రా ఫైల్‌లో దించితే కొంతవరకు వస్తాయి.

ఫోన్‌లో టైమ్‌ల్యాప్స్ తీసినవాళ్లకి మాత్రం వేరే దారి లేదు, ఇదే దిక్కు.

రెండు ముక్కలు కలపడం

పగటి భాగం ఒక ఎక్స్‌పోజర్‌తో, రాత్రి భాగం ఇంకో ఎక్స్‌పోజర్‌తో తీసి మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి కరిగించేయడం. రెండు మూడు సెకన్ల డిజాల్వ్ చాలు. ఫ్లికర్ అనే మాటే ఉండదు. గరుడ వారధి (ఇదివరకు శ్రీనివాస సేతు అన్న ఫ్లైఓవర్) మీద వాహనాల లాంటి దృశ్యానికి ఇది చక్కగా కుదురుతుంది, ఎందుకంటే వాహనాలు ఎలాగూ ఫ్రేము ఫ్రేముకీ మారిపోతుంటాయి. మేఘాలున్న ఆకాశానికి పనికిరాదు. రెండు వేర్వేరు మేఘాల వరుసలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అన్నింటికంటే ముఖ్యం, ఆకాశం రంగు మారే ఆ ఇరవై నిమిషాలూ మీ వీడియోలో ఉండవు. పెళ్లి వీడియోలో నాలుగు సెకన్ల ముక్కకి ఇది చాలు.

ఎక్కడ కొలవాలి

డీఫ్లికర్ ఏ సాఫ్ట్‌వేర్‌దైనా, బొమ్మలో ఏ భాగం వెలుతురుని కొలవాలో చెప్పే వీలుంటే దాన్ని వదలకండి. ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్‌లో ప్రివ్యూ మీద ఒక చతురస్రం గీస్తే దాన్నే కొలుస్తుంది. మన ఊళ్లో ఫలితం బాగా రావడం, పాడవడం ఎక్కువగా ఈ చతురస్రం మీదే ఉంటుంది.

బ్రహ్మోత్సవాల రోజుల్లో తీసిన ఫ్రేమునే తీసుకోండి. కింద ఊరంతా సీరియల్ సెట్లు, రంగులు మార్చే కటౌట్లు. ఒక ఫ్రేములో శంఖం వెలిగి ఉంటుంది, తర్వాతి ఫ్రేములో ఆరిపోయి చక్రం వెలుగుతుంది, ఆ తర్వాత రెండూ. ఫ్రేము మొత్తాన్ని కొలిస్తే సాఫ్ట్‌వేర్‌కి ఇదంతా ఫ్లికర్‌లాగే కనిపిస్తుంది. దీపాలు వెలిగినప్పుడల్లా బొమ్మ అంతటినీ తగ్గిస్తుంది, ఆరినప్పుడల్లా పెంచుతుంది. దాంతో నిశ్చలంగా ఉన్న ఆకాశం ఊపిరి తీసుకుంటున్నట్టు ఊగుతుంది. అంతకుముందు లేని ఫ్లికర్ డీఫ్లికర్ వల్ల వస్తుంది. చతురస్రాన్ని కొండ పైభాగం, దాని పైన ఉన్న ఆకాశం మీద పెట్టండి. ఘాట్ రోడ్డు దీపాలు, గాలిగోపురం వెలుగులు అందులో పడకుండా పక్కకి జరపండి. దీపాలు వాటి ఇష్టం వచ్చినట్టు వెలిగి ఆరుతాయి, ఆకాశం స్థిరంగా ఉంటుంది. చూసేవాళ్లకి అదే కావాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మేఘాలతో ఇంకో పేచీ వస్తుంది. మెరుపు పడిన ఫ్రేము ఒక్కటే తెల్లగా ఉంటుంది, డీఫ్లికర్ దాన్ని చీకటి చేయాలని చూస్తుంది. మెరుపు ఫ్రేములకి డీఫ్లికర్ రాసిన విలువ తీసేసి పక్క ఫ్రేము విలువ పెట్టండి. మెరుపు మెరుపులాగే ఉండాలి.

రాత్రి ఎంత చీకటిగా ఉండాలి

ఏ పద్ధతి వాడినా ఈ నిర్ణయం మీదే, సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. దీన్ని పట్టించుకోకపోవడం వల్లే ఎన్నో మంచి టైమ్‌ల్యాప్స్‌లు చప్పగా కనిపిస్తాయని గట్టిగా నమ్ముతాను. గీత సాఫీగా వచ్చింది కదా అని వదిలేస్తారు. పొద్దు గుంకింది, దీపాలు వెలిగాయి, కొండ మీద చెట్లు మాత్రం మధ్యాహ్నంలా కనిపిస్తుంటాయి. చీకటి పడుతున్న అనుభూతే ఉండదు.

నా లెక్కలో చివరి ఫ్రేము మొదటి ఫ్రేము కంటే స్టాపున్నర నుంచి రెండు స్టాపులు చీకటిగా ఉండాలి. మరీ తగ్గిస్తే కొండ అంతా నల్లటి ముద్దయి ఘాట్ రోడ్డు దీపాల గీత గాల్లో వేలాడినట్టు ఉంటుంది. కొండ అంచు ఆకాశంతో కలిసే గీత కంటికి ఆనేంత వెలుతురు మిగలాలి.

ఆ తగ్గింపును ఎక్కడ పెట్టాలన్నది కూడా చూడాలి. మొదటి నుంచి చివరిదాకా సమంగా పంచితే ఎండ ఉన్నప్పుడే బొమ్మ మబ్బు పట్టినట్టవుతుంది. అస్తమయం దాకా ముట్టుకోకండి. అస్తమయం నుంచి దాదాపు పది నిమిషాల తర్వాత మొదలుపెట్టి, వీధి దీపాలు ఆకాశం కంటే వెలుగ్గా కనిపించే క్షణానికి పూర్తిచేయండి. ఆ రెండు చోట్లా కీఫ్రేములు పెట్టండి. మధ్యలో ఇంకోటి, ఆకాశం ముదురు నీలంలో ఉన్నప్పుడు. మన సందె వెలుతురు పొట్టిది కాబట్టి అస్తమయానికి ముందు గంట మొత్తానికి రెండు కీఫ్రేములు సరిపోయినా, తర్వాతి నలభై నిమిషాలకి నాలుగైదు కావాలి.

రంగు కూడా దీంతోపాటే. వైట్ బ్యాలెన్స్ ఆటోలో తీసినా రా ఫైల్ అయితే నష్టం లేదు, ఎడిటింగ్‌లో మొదటి కీఫ్రేముకి 5500 కెల్విన్ దగ్గర, చివరిదానికి 3800, 4000 దగ్గర పెడితే వీధి దీపాల పసుపు అదుపులో ఉంటుంది, ఆకాశం నీలం నిలుస్తుంది. జేపెగ్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్‌తో తీసి ఉంటే రంగు కూడా మినుకుతుంది, దాన్ని వెలుతురు డీఫ్లికర్ తీయలేదు.

హైలైట్స్, షాడోస్, క్లారిటీ, డీహేజ్ స్లైడర్లని మితంగా వాడండి. ఇవి ప్రతి బొమ్మలోని వెలుగు నీడల్ని చూసి తమంతట తామే సర్దుకునే రకం. కాబట్టి ఒకే విలువ పెట్టినా పక్కపక్క ఫ్రేముల్లో వేర్వేరుగా పనిచేసి, కొత్త మినుకు తెస్తాయి. ఎక్స్‌పోజర్, టోన్ కర్వ్, ఆకాశం మీద గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్, ఈ మూడింటితోనే చాలావరకు పని అయిపోతుంది. ఫిల్టర్‌తో పగలు ఆకాశాన్ని ఒక స్టాప్ తగ్గించి, రాత్రికి సున్నాకి తెచ్చే కీఫ్రేములు పెడితే కొండకీ ఆకాశానికీ పొత్తు బాగా కుదురుతుంది.

మరి మీకేది?

రా ఫైళ్లలో, మాన్యువల్ మోడ్‌లో మెట్లు మెట్లుగా తీశారా? లైట్‌రూమ్ ఉంటే ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్ తప్ప ఇంకేదీ ఆలోచించకండి. ముందు ఉచిత వెర్షన్‌తో 400 ఫ్రేముల్లో ఒక సాయంత్రం పూర్తిచేసి చూడండి, డబ్బు కట్టి చేసే పనులు వస్తుంటే అప్పుడు లైసెన్సు కొనండి.

అపర్చర్ ప్రయారిటీలో రా ఫైళ్లు తీశారా? అదే సాఫ్ట్‌వేర్, కానీ హోలీ గ్రెయిల్ విజార్డ్ దాటేసి నేరుగా కీఫ్రేములు, విజువల్ డీఫ్లికర్. లైట్‌రూమ్ లేకపోతే డార్క్‌టేబుల్.

జేపెగ్‌లే ఉన్నాయా? 8 బిట్లలో ఒక్కో రంగుకి 256 స్థాయిలే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16 వేలకు పైగా. అసురసంధ్య ఆకాశంలో నీలం నుంచి నారింజకి మారే చోట జేపెగ్‌ని ఎక్కువ లాగితే చారలు పడతాయి. అందుకే మెట్లు స్టాపులో మూడో వంతుకి మించకపోతేనే ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్‌లో పెట్టండి, లేదంటే రెండు ముక్కల పద్ధతి మేలు. వచ్చేసారి రా ఫైళ్లలో తీయండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 900 ఫ్రేములకి సుమారు 25 జీబీ పడుతుంది, ఆ చోటు ముందే చూసుకోండి.

నక్షత్రాల దాకా వెళ్లాలనుకుని తలకోన వైపు వెళ్లేవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ ఊరి దీపాల అండ ఉండదు, చివర్లో షట్టర్ 20 సెకన్లకి, ఐఎస్ఓ వేలల్లోకి పోతుంది. ఫ్రేముల మధ్య విరామం కూడా పెరగాలి. ఈ ప్రయాణంలో మెట్లన్నీ కలిపి ఇరవై స్టాపుల దాకా ఉంటాయి కాబట్టి కెమెరాని ఫోన్ యాప్‌తోనో ఎక్స్‌పోజర్‌ని మెల్లగా మారుస్తూ (ర్యాంపింగ్) విరామాల ప్రకారం ఫొటో తీయించే ఇంటర్వెలోమీటర్‌తోనో నడిపి, ఎడిటింగ్ ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్‌లో చేయడం ఒక్కటే నాకు తెలిసిన నమ్మకమైన దారి.

తిరుమలలో డ్రోన్లు నిషేధం, ఆలయంలోకి కెమెరాలూ ఫోన్లూ తీసుకెళ్లనివ్వరు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. ఇవి కలిపి చూస్తే ఊళ్లో మేడ మీద నుంచి కొండల వైపు తీయడమే ఎక్కువమందికి కుదిరే పని, పైన చెప్పినవన్నీ ఆ దృశ్యానికి సరిపోతాయి.

చివరి ఎగుమతి ముందు 720పి సైజులో ఒక ముసాయిదా తీసి, గదిలో లైట్లు ఆర్పి, అసలు వేగంలో చూడండి. నెమ్మదిగా తిప్పుతూ చూస్తే మినుకు కనబడదు. ఆకాశం ఊగుతోందా అన్నది ఒకసారి, కొండ చీకటిలో గరుకు వచ్చిపోతోందా అన్నది ఇంకోసారి చూడండి. రెండూ సరిగ్గా ఉంటే 10 బిట్ ప్రోరెస్‌లోనో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోనో (ఎడిటింగ్‌కి వాడే వీడియో ఫార్మాట్లు) మాస్టర్ తీసి పెట్టుకుని, యూట్యూబ్‌కి ఇచ్చే ఫైల్‌ని దాన్నుంచే తయారుచేయండి.